మొదటి డబుల్ బ్యారెల్ తుపాకీ కొనడం ఎలా: లైసెన్స్ నుంచి లాకర్ దాకా

పోయిన వేసవిలో మా చిన్నాన్న కొడుకు మార్కాపురం నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, తోటలో ఇల్లు కట్టుకున్నాను కదా. ఒకాయన దగ్గర డబుల్ బ్యారెల్ చూశాను, చాలా బాగుంది. అడ్వాన్స్ ఇచ్చేయనా?" అన్నాడు. లైసెన్స్ వచ్చిందా అని అడిగాను. ఇంకా అప్లై చేయలేదన్నాడు. ఎప్పుడైనా పేల్చావా అంటే, చిన్నప్పుడు తాతయ్య పేలుస్తుంటే చూశానన్నాడు. ఆ రాత్రి గంటన్నర వాడికి చెప్పిన మాటలే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి తుపాకీ కొనేవాళ్లలో చాలామంది తుపాకీతోనే మొదలుపెడతారు. అది చివర్లో రావాలి. ముందు అవసరం, తర్వాత లైసెన్స్, ఆ తర్వాత శిక్షణ, ఆపైన కొనడం. ఈ వరస తప్పితే పోయేది డబ్బు ఒక్కటే కాదు. లైసెన్స్ లేని తుపాకీ ఇంట్లో దొరికితే, అది నాటు తుపాకీ అయినా సరే, ఆయుధాల చట్టం కింద 2 నుంచి 5 ఏళ్ల జైలు శిక్ష పడుతుంది. 2019లో చట్టాన్ని సవరించి శిక్ష పెంచారు. "ముందు తీసుకోండి, కాగితాలు తర్వాత చూసుకుందాం" అనే మనిషి కనిపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఎందుకు కావాలో ముందు తేల్చుకోండి

మన దగ్గర 12 బోర్ తుపాకీ (గొట్టం లావును చెప్పే అంకె ఇది, వివరం కింద ఉంది) కొనేవాళ్లకు సాధారణంగా నాలుగు కారణాలుంటాయి. ఊరికి దూరంగా తోటలో ఒంటరి ఇల్లు. పంట కాపలా. ట్రాప్, స్కీట్ లాంటి, గాల్లోకి ఎగరేసిన పళ్లేలను కొట్టే ఆట. లేదా తాతల తుపాకీని ఇంట్లోనే నిలుపుకోవాలన్న కోరిక. మీది ఏదో ముందే తెలియాలి. దరఖాస్తులో రాయాల్సింది అదే, విచారణకు వచ్చే ఎస్‌ఐ అడిగేదీ అదే, తుపాకీ రకాన్ని నిర్ణయించేదీ అదే.

పంట కోసం అనుకునేవాళ్లకు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తుపాకీ లైసెన్స్ వేటకు అనుమతి కాదు. అడవి పందులు వేరుశనగ చేను మొత్తం దున్నేసి పోతే కడుపు ఎంత మండుతుందో నాకు తెలుసు. అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి లేకుండా పందిని కాల్చడం నేరమే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆత్మరక్షణ కోసం కాల్చడం వేరు, చేలో పడ్డదని కాల్చడం వేరు. తుపాకీ చప్పుడుకు పందులు నాలుగు రోజులు బెదురుతాయి, ఐదో రోజు అలవాటు పడతాయి. పంట ఒక్కటే సమస్య అయితే ముందు సోలార్ ఫెన్సింగ్ సంగతి కనుక్కోండి. మెయిన్ లైన్ నుంచి కరెంటు తీగ లాగడం మాత్రం కలలో కూడా వద్దు. ఆ తీగలకు బలయ్యేది పక్క చేను రైతులే.

ఇంకో ప్రశ్న మీకు మీరే వేసుకోవాలి. ఇంట్లో తాగుడు అలవాటున్నవాళ్లు గానీ, డిప్రెషన్‌తో బాధపడుతున్నవాళ్లు గానీ, కోపం వస్తే మనిషి కాకుండా పోయేవాళ్లు గానీ ఉన్నారా? ఉంటే ఈ ఆలోచన ఇక్కడే ఆపండి. పురుగుమందు డబ్బా ఇంట్లో అందుబాటులో ఉండి ఎన్ని కుటుంబాలు చెడిపోయాయో పల్లెల్లో అందరికీ తెలుసు. తుపాకీ ఆ మాత్రం వ్యవధి కూడా ఇవ్వదు.

లైసెన్స్

మీ వయసు 21 ఏళ్లు నిండాలి. దరఖాస్తు ఫారం ఏ-1. దానితో పాటు వయసు, చిరునామా, గుర్తింపు పత్రాలు, ఫొటోలు, తుపాకీని భద్రంగా ఉంచుతానని రాసిచ్చే ఎస్-2, డాక్టర్ ఇచ్చే ఎస్-3 పత్రం పెట్టాలి. మీ శారీరక, మానసిక ఆరోగ్యం బాగుందనీ, మత్తు పదార్థాలకు బానిస కాదనీ ఎస్-3 చెబుతుంది. కమిషనరేట్ ఉన్నచోట పోలీస్ కమిషనర్, మిగతా చోట్ల జిల్లా కలెక్టర్ లైసెన్స్ ఇస్తారు. స్థానిక స్టేషన్ నుంచి రిపోర్టు వెళుతుంది. లైసెన్స్ వచ్చాక దేశవ్యాప్త డేటాబేస్‌లో మీకొక యూఐఎన్ (విశిష్ట గుర్తింపు) నంబర్ ఉంటుంది. ఆ నంబర్ లేని లైసెన్స్ చెల్లదు.

దరఖాస్తు చేసే ముందు ఆయుధాల చట్టంలోని 13వ సెక్షన్ ఒకసారి చదువుకోండి. రక్షణ కోసం గానీ ఆట కోసం గానీ, 20 అంగుళాలకు తక్కువ కాని గొట్టం ఉన్న, లోపల గాడులు లేని నున్నటి తుపాకీ అడిగే పౌరుడికి అందులో ప్రత్యేకంగా చోటిచ్చారు. పంట కాపలాకు మామూలుగా ముందునుంచి మందు కూరే తుపాకీకి లైసెన్స్ ఇస్తారు. అది సరిపోదని అధికారికి నమ్మకం కలిగితే వేరే నున్నటి గొట్టపు తుపాకీకి కూడా ఇవ్వొచ్చు. పిస్టల్ అడగడం, 12 బోర్ అడగడం ఒకటి కాదని ఇందుకే అంటాను. అయినా తిరస్కరించవచ్చు. అప్పుడు కారణాలు రాతపూర్వకంగా అడగండి. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది. దళారీకి డబ్బిస్తే ఆ హక్కు ఎక్కువ కాదు, మీ పేరు మాత్రం చెడుతుంది.

మా తమ్ముడికి తెలియని ముఖ్యమైన విషయం ఒకటుంది. మార్కాపురం వైపు చాలా ఊళ్లు నల్లమల అంచున ఉంటాయి. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల కొత్త ఆయుధ లైసెన్స్ ఇవ్వాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. శ్రీశైలం, అచ్చంపేట, మన్ననూరు పక్క వాళ్లు ఇది ముందే గుర్తుపెట్టుకుంటే, ఫైలు ఎందుకు కదలడం లేదో తెలియక నెలల తరబడి టెన్షన్ పడాల్సిన పని ఉండదు.

తాతగారి తుపాకీ మీకు రావాలంటే దారి వేరు. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసుల కోసం ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. లైసెన్స్‌దారు చనిపోయాక గానీ, ఆయనకు 70 ఏళ్లు వచ్చాక గానీ, తుపాకీ 25 ఏళ్లు ఆయన చేతిలో ఉన్నాక గానీ వారసుడి పేరు మీద లైసెన్స్ అడగొచ్చు. అందుకే పెద్దాయన ఉండగానే, ఆయన సంతకంతోనే ఈ పని మొదలుపెట్టండి. మా ఇంట్లో అలా చేయలేదు. తాతయ్య పోయిన దుఃఖంలో తుపాకీ సంగతే ఎవరికీ గుర్తులేదు. ఆరు నెలలు అది ధాన్యం గదిలో చిలక్కొయ్యకు వేలాడుతూ ఉండిపోయింది. ఆ ఆరు నెలలూ మేం చట్టం దృష్టిలో లైసెన్స్ లేని ఆయుధం దాచుకున్నవాళ్లమే. ఇలాంటప్పుడు వెంటనే స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. తర్వాత మీ లైసెన్స్ వచ్చాక విడిపించుకోవచ్చు.

ఒక మనిషి దగ్గర ఇప్పుడు ఉండదగ్గవి రెండే ఆయుధాలు. వారసత్వంగా వచ్చేదీ ఆ లెక్కలోకే వస్తుంది.

కొనేముందు పేల్చడం నేర్చుకోండి

శిక్షణ పొందినట్టు ఎస్-1 సర్టిఫికెట్ కూడా నిబంధనల్లో ఉంది. చాలామంది దాన్ని కాగితం పనిగా చూస్తారు. నా మాట వినండి, ఇది మీరు పెట్టే ఖర్చులన్నిటిలోకీ విలువైనది. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజ్ కట్టారు. షాట్‌గన్ పోటీల్లో మన నగరం పేరు చిన్నది కాదు. హైదరాబాద్‌కు చెందిన కైనన్ చెనాయ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టు స్వర్ణం సాధించాడు. మీరు పతకాల కోసం వెళ్లకపోయినా, గాల్లోకి ఎగిరే క్లే పళ్లేన్ని పక్కన కోచ్ నిలబడి ఉండగా కొట్టడం నేర్చుకుంటే, తుపాకీ అంటే ఏమిటో శరీరానికి అర్థమవుతుంది.

క్లబ్ తుపాకీతో కనీసం నాలుగు రోజులు, వంద తూటాల దాకా పేల్చాకే సొంతానికి చూడండి. భుజం మీద దెబ్బ ఎలా ఉంటుందో, చెవులకు మఫ్‌లు లేకపోతే ఏమవుతుందో, రెండో గుండు వేసేలోగా గొట్టం ఎంత పైకి లేస్తుందో తెలిసిన మనిషి డీలర్ దగ్గర వేరే ప్రశ్నలు అడుగుతాడు.

అక్కడే నాలుగు అలవాట్లు చేతికి ఎక్కించుకోండి. ఏ తుపాకీ అయినా లోపల తూటా ఉన్నట్టే చూడాలి. కాల్చకూడని దేనివైపూ మూతి తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. గురి వెనకాల ఏముందో తెలియాలి. ఈ చివరిది పల్లెలో చాలా ముఖ్యం. కంది చేను వెనక ఎవరు కలుపు తీస్తున్నారో మనకు కనిపించదు.

ఏ రకం?

12 బోర్ అంటే ఏమిటో చాలామందికి తెలియదు. ఒక పౌండు సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, ఆ గొట్టం అంత లావు. దాదాపు 18.5 మిల్లీమీటర్లు. 20 బోర్ అంటే పౌండుకు 20 గుండ్లు, కాబట్టి సన్నగా ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. మన దేశంలో తూటాలు సులువుగా దొరికేది 12 బోర్‌కే. మొదటి తుపాకీకి ఇక వేరే ఆలోచన అక్కర్లేదు.

సింగిల్ బ్యారెల్ తేలిక, చవక. కానీ తేలిక తుపాకీ భుజాన్ని గట్టిగా తంతుంది. ముందు పట్టును వెనక్కి లాగి తూటా ఎక్కించే పంప్ యాక్షన్‌లో తూటాలు ఎక్కువ పడతాయి. అయితే లోపల గొట్టంలో ఒకటి మిగిలిపోయిందా లేదా అన్నది కొత్తవాడికి చూడగానే తెలియదు. నా సలహా డబుల్ బ్యారెల్. మధ్యలో విరిచి, అంటే కీలు దగ్గర వంచి తెరిచి పట్టుకుంటే రెండు గొట్టాలూ ఖాళీయా, నిండా అన్నది మీకే కాదు, పది అడుగుల దూరంలో నిలబడ్డ మనిషికీ కనిపిస్తుంది. ఒక్క ఈ కారణానికే దాన్ని ఎంచుకుంటాను.

పక్కపక్క గొట్టాలవా, కింద మీద గొట్టాలవా అంటే, ఆటకు వెళ్లేవాళ్లకు కింద మీదవి బాగుంటాయి, గురి గీత ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి. తోట ఇంటికి పక్కపక్కవి చాలు. తూటాను పేల్చే సుత్తులు బయటికి పొడుచుకొచ్చి ఉన్న పాతవాటికన్నా సుత్తులు లోపలుండే హ్యామర్‌లెస్ కొత్తవాళ్లకు మేలు. సుత్తిని మెల్లగా దించబోయి వేలు జారితే తూటా పేలుతుంది. ట్రిగ్గర్లు రెండుండేవి తీసుకోండి. ఒకటి మొరాయించినా రెండోది పనిచేస్తుంది, బాగుచేయడం సులువు. గొట్టం 28 అంగుళాలు అందరికీ సరిపోతుంది.

చోక్ గురించి కొంచెం. గొట్టం మూతి దగ్గర లోపలి భాగం సన్నబడటమే చోక్. అది ఎంత ఇరుకైతే గుండ్లు అంత గుంపుగా వెళతాయి. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీస్తే, ఫుల్ చోక్ గొట్టం నుంచి వందకు 70 గుండ్లు అందులో పడతాయి. హాఫ్ చోక్‌తో 60, చోక్ లేని గొట్టంతో 40. పక్కపక్క గొట్టాల తుపాకుల్లో మామూలుగా కుడి గొట్టం వదులు, ఎడమది ఇరుకు. ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది. దగ్గరి గురికి అదే వాడాలి.

మీ భుజానికి సరిపోతుందా?

బట్టల కొట్లో చొక్కా తొడిగి చూసినట్టే తుపాకీని ఒంటికి పెట్టి చూడాలి. ముందు మీ బలమైన కన్ను ఏదో కనిపెట్టండి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న కంత చేసి, దూరంగా ఉన్న బల్బుని అందులోంచి చూడండి. ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు బల్బు కంతలోనే ఉంటుందో అదే బలమైనది. కుడిచేతి వాటం వాళ్లకు ఎడమ కన్ను బలంగా ఉంటే కోచ్‌తో మాట్లాడకుండా కొనకండి.

తర్వాత, తుపాకీ ఖాళీగా ఉందని విరిచి చూసుకుని, గోడవైపు తిరిగి, కళ్లు మూసుకుని భుజానికెత్తండి. చెంపను తుపాకీ వెనక చెక్కకు ఆనించి కళ్లు తెరవండి. గొట్టాల మీది పట్టీ నేరుగా ముందుకు పోయి చివర పూస కనిపిస్తే మీకు కుదిరింది. గొట్టాల వెనక భాగమే అడ్డంగా కనిపిస్తే చెక్క మరీ కిందికి వంగి ఉందన్నమాట. పట్టీ మొత్తం ఏటవాలుగా కనిపిస్తే మరీ ఎత్తు. చెక్క మడమ, అంటే భుజానికి ఆనే చివర, చంక కింద చొక్కాకు తట్టుకుంటే పొడవు ఎక్కువ. పట్టుకున్న చేతి బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ల ఎడం లేకపోతే పొట్టి, పేల్చినప్పుడు ముక్కు పగులుతుంది. మన పాత తుపాకుల్లో చాలావాటి కొలతలు పొడుగాటి మనుషులకు తగ్గట్టు ఉంటాయి. పొడవు తగ్గించడం వడ్రంగం తెలిసిన గన్‌స్మిత్ చేసే చిన్న పని. దానికోసం మంచి తుపాకీని వదులుకోకండి. భార్యాభర్తలిద్దరికీ లైసెన్స్ ఉండి ఇద్దరూ వాడదలిస్తే, పొట్టిగా ఉన్నవాళ్ల కొలతకే చేయించండి.

పాత తుపాకీని పరీక్షించడం

అసలు చదువు ఇక్కడుంది. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోవడం ఆగిపోయింది. అందుకే మార్కెట్‌లో పాత ఇంగ్లిష్ డబుల్ బ్యారెళ్లు చేతులు మారుతూ ఉంటాయి. ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలవి, బిహార్‌లోని ముంగేర్ వర్క్‌షాపులవి వాటి పక్కన ఉంటాయి. పేరు చూసి మురిసిపోకండి. తొంభై ఏళ్ల ఇంగ్లిష్ తుపాకీ బాగుంటే ముత్యం, చెడితే బాంబు. సంతలో ఎద్దు పళ్లు చూసి, నడిపించి, గిట్టలు తట్టి కొన్న తాతల మనవలం. తుపాకీని అలాగే చూడండి.

గొట్టాల కింద ముద్రలు మొదట చదవండి. గొట్టాల కింద చేత్తో పట్టుకునే ముందువైపు చెక్క తీసి, గొట్టాలు విడదీస్తే కనిపిస్తాయి. పొగలేని మందుకు పరీక్షించిన ఇంగ్లిష్ గొట్టాల మీద "నైట్రో ప్రూఫ్" అని ఉంటుంది. ఇనుప, ఉక్కు పట్టీలు మెలేసి చేసిన డమాస్కస్ గొట్టాలు పైకి పాము చర్మంలా, నీటి అలల్లా అందంగా కనిపిస్తాయి. అవి పొగ వచ్చే పాత నల్ల తుపాకీమందు కాలానివి. నేటి తూటాలకు అవి గోడ మీదే ఉండాలి. ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) పొడవు కూడా అక్కడే ఉంటుంది. పాతవి చాలావరకు రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి 70 మిల్లీమీటర్ల తూటాలు. మోసం ఎక్కడంటే, పేలని తూటా మూతి మడిచి ఉంటుంది కాబట్టి 70 కూడా 65లో హాయిగా పడుతుంది. పేలాక ఆ మడత విచ్చుకోవడానికి చోటుండదు, లోపల ఒత్తిడి అమాంతం పెరిగిపోతుంది. "పడుతోంది కదా" అనే డీలర్ మాట నమ్మకండి. కొలవమనండి.

ఇప్పుడు కీలు చూడండి. ముందు చెక్క తీసేసి, తుపాకీ మూసి, చేతిపట్టు దగ్గర పట్టుకుని మెల్లగా ఊపండి. గొట్టాలు లొడలొడలాడితే కీలు అరిగింది. గొట్టాల వెనక అంచుకీ, దాన్ని ఆనుకునే ఉక్కు ముఖానికీ మధ్య వెలుతురు పట్టి చూడండి. సన్న కాగితం దూరేంత సందున్నా వద్దు. పేలినప్పుడు మీ కంటికి ఆరంగుళాల దూరంలో ఉండే సందు అది. తుపాకీని తెరిచే పై మీట చూసినా తెలుస్తుంది. కొత్త తుపాకీలో మీట మూసినప్పుడు మధ్య గీతకు కొంచెం కుడి పక్కన ఆగుతుంది. అరిగేకొద్దీ మధ్యకు వచ్చి, ఎడమకు జరుగుతుంది.

గొట్టాలు విడదీసి, కింది కొక్కెం దగ్గర ఒక వేలికి వేలాడదీసి, వేలి గణుపుతో తట్టండి. గుడి గంటలా ఖంగుమని చాలాసేపు మోగాలి. బొంగురుగా, పగిలిన కుండలా చప్పుడొస్తే రెండు గొట్టాల మధ్య అతికిన పట్టీ ఎక్కడో ఊడింది. ఈ పరీక్ష మా తాతయ్య దగ్గర నేర్చుకున్నాను, ఇప్పటికీ తప్పకుండా చేస్తాను.

లోపల ఆకాశం వెలుగు కనిపించేలా కిటికీ వైపు పెట్టి చూడండి. అద్దంలా ఉండాలి. నల్లటి చుక్కలుంటే తుప్పు తిన్న గుంటలు. మూతి వైపు ఒకటి రెండు చిన్నవి ఉన్నా ఫర్వాలేదు, ఛాంబర్ దగ్గర ఒక్కటున్నా వద్దు. నెలవంకలా నీడ కనిపిస్తే బయట సొట్ట. గుండ్రటి ఉంగరంలా నీడ కనిపిస్తే గొట్టం ఉబ్బింది. సొట్ట తీయొచ్చు, ఉబ్బు తీయడం చాలా కష్టం. రెండు మూతుల మధ్య ఖాళీ పెద్దగా ఉంటే గొట్టాలు కోశారని అనుమానించాలి. 20 అంగుళాలకు తగ్గితే అది సరాసరి చట్టం సమస్య.

చేతిపట్టు సన్నగా ఉండేచోట చెక్క చీలిందేమో గోటితో తడిమి చూడండి. అక్కడే దెబ్బ పడుతుంది. స్క్రూల గాట్లు నలిగిపోయి ఉంటే తెలియనివాడెవడో విప్పాడు. డమ్మీ తూటాలు వేసి రెండు ట్రిగ్గర్లూ నొక్కండి. ఉత్తగా నొక్కితే పిన్నులు విరుగుతాయి. మళ్లీ బిగించి, సేఫ్టీ తీసి, మడమను అరచేత్తో గట్టిగా తట్టండి. సుత్తి దానంతటది పడిపోతే ఆ తుపాకీ కింద పడ్డప్పుడు పేలుతుంది. నాకు ఒకచోట ఇలా జరిగింది. మెరుగుపెట్టి, కొత్త పాలిష్ వేసి, ఎంతో ముచ్చటగా ఉన్న తుపాకీ అది. రెండోసారి తట్టగానే ఎడమ సుత్తి టక్కుమంది. అమ్మే మనిషి "అది చిన్న రిపేరు" అన్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

ఇంత చూసినా, మీకు నమ్మకమైన గన్‌స్మిత్‌ను ఒకసారి చూపించే షరతు మీదే బేరం ఒప్పుకోండి.

కాగితాలు

తుపాకీ మీది నంబర్, బిల్లు మీది నంబర్, లైసెన్స్‌లో ఎక్కించే నంబర్ మూడూ ఒకటే కావాలి. నంబర్ అరగదీసినట్టు, మళ్లీ కొట్టినట్టు ఉంటే ఎంత చవకైనా ముట్టుకోకండి. లైసెన్స్‌లో కొనుగోలుకు గడువు, తుపాకీ రకం, తూటాల పరిమితి, ఏ ప్రాంతంలో చెల్లుతుందో రాసి ఉంటుంది. అన్నీ చదివాకే డీలర్ దగ్గరికి వెళ్లండి. వ్యక్తి దగ్గర కొంటుంటే, అమ్మే మనిషి జిల్లా మేజిస్ట్రేట్‌కి గానీ దగ్గరి స్టేషన్‌కి గానీ రాతపూర్వకంగా తెలిపి 45 రోజులు గడిచి ఉండాలి. ఆ కాగితం నకలు మీ దగ్గర పెట్టుకోండి. కొన్నాక లైసెన్స్‌లో వివరాలు ఎక్కించుకోవడం ఆలస్యం చేయొద్దు.

తూటాలు

మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఖడ్కీ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలు. లోపలి గుండ్ల సైజును బట్టి పేరు. ఔన్సు సీసానికి ఎల్‌జీ 6 గుండ్లు, ఎస్‌జీ 8 గుండ్లు, 6వ నంబర్ అయితే దాదాపు 270. నంబర్ పెరిగేకొద్దీ గుండు చిన్నది. గురి చూసి కొట్టగల దూరం 40 గజాల దాకానే. కానీ చిన్న గుండ్లు కూడా 200 మీటర్లు దాటి పోతాయి, ఎల్‌జీ ఇంకా చాలా దూరం. మన పొలాల గట్లు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయో ఆలోచించండి. ఇంట్లో మందు కూరిన తూటాలు, తడిసి ఉబ్బినవి, తాతల నాటి కాగితపు తూటాలు వాడకండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని ఖాళీ నేల వైపు పెట్టి అర నిమిషం ఆగాకే విరవండి. చప్పుడు మెల్లగా, తేడాగా వస్తే వెంటనే రెండోది పేల్చకుండా, విరిచి, గొట్టంలో ఏదైనా ఇరుక్కుందేమో చూడండి.

ఇంటికి వచ్చాక

గోడకు బిగించిన ఇనుప లాకర్ తుపాకీ కన్నా ముందే ఇంట్లోకి రావాలి. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో పెట్టండి. తాళంచెవులు పిల్లలకు తెలిసిన చోట ఉండకూడదు. పిల్లలకు ప్రతి చోటూ తెలుసు కాబట్టి మీ వెంటే ఉండాలి. తుపాకీ ఉందని బంధువులకు చూపించడం, ఫోన్లో ఫొటోలు పెట్టడం దొంగల్ని పిలవడమే. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చడం ఇప్పుడు ప్రత్యేకంగా నేరం, రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. గాల్లోకి పోయిన గుండు ఎవరి డాబా మీదో దిగుతుంది.

పేల్చిన ప్రతిసారీ కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టం తుడిచి, సన్నగా నూనె రాయండి. వానాకాలంలో పేల్చకపోయినా పదిహేను రోజులకోసారి తీసి తుడవాలి. ఎన్నికలు వస్తే స్టేషన్‌లో అప్పగించమని నోటీసు వస్తుంది. అప్పగించే ముందు నూనె రాసి, గొట్టాల లోపలి పరిస్థితి ఫొటో తీసి, నంబర్‌తో సహా రసీదు రాయించుకోండి. లైసెన్స్ 5 ఏళ్లు చెల్లుతుంది. గడువు తేదీకి మూడు నెలల ముందు తేదీని క్యాలెండర్‌లో ఇప్పుడే రాసుకోండి.

మా తమ్ముడు ఆ అడ్వాన్స్ ఇవ్వలేదు. ఏ-1 నింపి పెట్టాడు, అటవీ శాఖ సమ్మతి కోసం ఎదురుచూస్తున్నాడు. ఈలోగా తోట ఇంటి చుట్టూ నాలుగు లైట్లు, రెండు కెమెరాలు పెట్టించుకుని, రెండు కుక్కల్ని పెంచుతున్నాడు. నెలకోసారి హైదరాబాద్ వచ్చినప్పుడు ఇద్దరం కలిసి రేంజ్‌కి వెళుతున్నాం. పోయినసారి ఇరవై ఐదింటిలో పదకొండు పళ్లేలు కొట్టాడు.